కొత్త వంగడాల పరీక్ష ఖర్చు ఎవరు భరించాలి?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

కొత్త వంగడాన్ని రూపొందించిన బ్రీడరుకు హక్కు ఇచ్చే ముందు జరిపే క్షేత్ర పరీక్షలు ఏటికేడు భారమవుతున్నాయనీ, ఆ ఖర్చు మొత్తాన్నీ దరఖాస్తుదారు నుంచే రాబట్టాలనీ చాలా దేశాల్లో వాదన వినిపిస్తోంది. హక్కు పొందేవారే పరీక్ష ఖర్చు పెట్టుకోవాలన్న మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే పరీక్ష ఖర్చు అని మనం ఒక్కమాటలో చెప్పేసేదానిలో రెండు వేర్వేరు ఖర్చులు కలగలిసి ఉన్నాయి. దరఖాస్తు చేసిన వంగడాన్ని మడిలో వేసి పరిశీలించడానికి అయ్యేది ఒకటి. దాన్ని పోల్చి చూడడానికి అప్పటికే వాడుకలో ఉన్న వంగడాలను సేకరించి, కల్తీ కాకుండా కాపాడి, వాటి లక్షణాలను నమోదు చేసి ఉంచడానికి అయ్యేది రెండోది. మొదటి ఖర్చు బ్రీడరు భరించవలసిందే. రెండోది ప్రజాధనంతో నడవాలి. ఈ రెండింటినీ ఒకే ఖాతాలో వేసి రుసుములు పెంచుకుంటూ పోతే ముందుగా దెబ్బతినేవి తక్కువ విస్తీర్ణంలో సాగయ్యే పంటలు, వాటి మీద పనిచేసే చిన్న బ్రీడర్లు, ఆపైన ఆ పంటలు పండించే రైతులు అని నా గట్టి అభిప్రాయం.

ఈ హక్కు గురించి పాఠకులకు కొంత చెప్పాలి. 1961లో పారిస్‌లో కుదిరిన ఒప్పందంతో ఏర్పడిన కొత్త వంగడాల రక్షణను చూసే యూపీఓవీ అనే అంతర్జాతీయ సంఘం జెనీవా కేంద్రంగా పనిచేస్తోంది. ఆ ఒప్పందాన్ని 1972లో, 1978లో, 1991లో సవరించారు. 1991 నాటి పాఠం ప్రకారం కొత్త వంగడానికి కనీసం 20 ఏళ్లు, చెట్లకూ ద్రాక్ష వంటి తీగలకూ కనీసం 25 ఏళ్లు రక్షణ ఉంటుంది. అంతకాలం ఇతరులు ఆ వంగడపు విత్తనాన్నో, నాటే మొక్కనో అమ్మకం కోసం ఉత్పత్తి చేయాలంటే బ్రీడరు అనుమతి ఉండాలి. ఇంత పెద్ద హక్కు ఇచ్చేముందు ఆ వంగడం అంతకుముందు మార్కెట్లోకి రాని కొత్తదై ఉండాలని చూడడంతో పాటు మూడు విషయాలను పొలంలో తేల్చుకోవాలి. అప్పటికే అందరికీ తెలిసిన ఏ వంగడం నుంచైనా ఇది స్పష్టంగా వేరుగా కనిపిస్తోందా, దీని మొక్కలన్నీ ఒకే తీరుగా ఉన్నాయా, తరం మారినా ఆ లక్షణాలు నిలుస్తున్నాయా అన్నవే ఆ మూడు. ప్రత్యేకత, ఏకరూపత, స్థిరత్వం అనే ఈ మూడింటి ఆంగ్ల తొలి అక్షరాలను కలిపి దీన్ని డీయూఎస్ పరీక్ష అంటారు. దిగుబడి ఎంత, రైతుకు లాభమా అన్న ప్రశ్నలు ఇందులోకి రావు. వాటిని తేల్చే పరీక్షలు వేరే ఉన్నాయి. ఈ రెండింటినీ కలిపేసుకుని మాట్లాడడం వల్ల ఖర్చు చర్చ తరచూ దారి తప్పుతోంది.

డీయూఎస్ పరీక్షకు ఖర్చు ఎందుకవుతుందో మడి గట్టున నిలబడి చూస్తే తెలుస్తుంది. వరినే తీసుకోండి. మొక్క అడుగున ఆకు తొడుగు పచ్చగా ఉందా, ఊదా రంగు తిరిగిందా, పోటాకు నిటారుగా నిలిచిందా, వాలిందా, కంకికి మీసాలు ఉన్నాయా, ఉంటే ఏ రంగులో ఉన్నాయి, గింజ పొడవెంత, వెయ్యి గింజల బరువెంత అని ఒక్కో దశలో ఒక్కో లక్షణం చూసి రాసుకోవాలి. పువ్వులో పుప్పొడిని అందుకునే కొన, అంటే కీలాగ్రం, దాని రంగు కూడా వరిలో ఒక గుర్తింపు లక్షణమే. కానీ పువ్వు విచ్చుకుని ఉండేది కొద్దిసేపు మాత్రమే కాబట్టి, ఆ వేళకు పరిశీలకుడు భూతద్దంతో మడిలో ఉండాలి. ఆ రోజు తప్పితే మర్నాడు, పూత మొత్తం అయిపోతే మరుసటి పంటకాలం. పరిశీలించవలసినవి పది మడులైతే ఇద్దరు చూసుకోగలరు. పోలిక వంగడాలతో కలిపి వందల మడులైతే, ఒకటి ముందూ ఒకటి వెనకా పూతకొస్తుంటే, తర్ఫీదు పొందిన మనుషులు రోజూ పొలంలోనే ఉండాలి. ఈ పని కూలికి మనుషులను పిలిచి చేయించేది కాదు. ఒకే ఆకుపచ్చలో లేతకూ ముదురుకూ మధ్య లక్షణపు స్థాయిని తెలిపే ఏ అంకె వేయాలో కన్ను గుర్తుపట్టడానికి ఏళ్ల అనుభవం కావాలి.

ఏకరూపత లెక్క మరోలా ఉంటుంది. తమ పుప్పొడితోనే గింజ కట్టే స్వపరాగ సంపర్క పంటల్లో బెరుకు మొక్కలను, అంటే వంగడపు తీరుకు భిన్నంగా ఉన్న మొక్కలను లెక్కపెడతారు. గోధుమలో రెండు వేల మొక్కలు పరిశీలించినప్పుడు ఐదుకు మించి బెరుకులు ఉండకూడదన్నది యూపీఓవీ మార్గదర్శకాల్లోని కొలబద్ద. అంటే రెండు వేల మొక్కలు వేసి, ఒక్కొక్కదాన్నీ చూసి, తేడాగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. పరపరాగ సంపర్క పంటల్లో సహజంగానే మొక్కకూ మొక్కకూ తేడా ఉంటుంది కనుక, విడివిడిగా ఎన్నో మొక్కలను కొలిచి, ఆ తేడా అదే కోవకు చెందిన పాత వంగడాల్లో ఉన్నదానికంటే ఎక్కువగా ఉందో లేదో గణాంకాలతో తేల్చాలి. ఇదంతా సాధారణంగా రెండు పంటకాలాలు జరగాలి. పండ్ల చెట్లయితే నాటిన కొన్నేళ్లకు గానీ కాపు రాదు, వచ్చిన తరువాత కూడా రెండు కాపులు చూడాలి. అన్నేళ్లూ భూమి, నీరు, కాపలా, జీతాలు నడుస్తూనే ఉండాలి. వ్యాధి నిరోధకతను గుర్తింపు లక్షణంగా వాడే కూరగాయ పంటల్లో ప్రయోగశాలలో తెగులును కావాలని సోకించి చూసే పరీక్షలు దీనికి అదనం.

ఇంతవరకూ చెప్పిన ఖర్చులో దరఖాస్తు చేసిన వంగడానికి నేరుగా అయ్యే భాగాన్ని బ్రీడరు ఇచ్చుకోవడంలో అన్యాయమేమీ లేదు. అసలు భారం పోలిక వంగడాల సేకరణలో ఉంది. ఒప్పందంలోని ఏడో అధికరణం ప్రకారం దరఖాస్తు నాటికి సర్వవిదితమైన ఏ వంగడం నుంచైనా కొత్తది స్పష్టంగా వేరుగా ఉండాలి. ఈ సర్వవిదితమైన వంగడాల జాబితా ఎన్నటికీ తరగదు. ఈ ఏడు హక్కు పొందిన ప్రతి వంగడమూ వచ్చే ఏడు పోలికకు నిలబడే వంగడం అవుతుంది. హక్కు గడువు తీరినా అది జాబితాలోంచి పోదు. రైతులు తరతరాలుగా పండిస్తున్నవీ అందులో భాగమే. వీటి విత్తనాన్ని చల్లని గదుల్లో నిలవచేయాలి, మొలక శాతం పడిపోకముందే తిరిగి పండించి కొత్త విత్తనం తీయాలి, ఆ తీయడంలో ఇతర వంగడాల పుప్పొడి సోకకుండా చూడాలి. బంగాళాదుంప వంటి దుంప పంటలనూ పండ్ల మొక్కలనూ విత్తనంగా దాచే వీలు లేదు. వాటిని పరీక్షనాళికల్లో కణజాల వర్ధనం ద్వారానో, తోటల్లో బతికున్న చెట్లుగానో ఉంచాలి. దరఖాస్తులు ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా, అసలు రాకపోయినా ఈ ఖర్చు ఆగదు.

ఈ సేకరణ ఎవరికి ఉపయోగపడుతోంది? దరఖాస్తు చేసిన బ్రీడరు కంటే అతని పోటీదారులకూ, రైతులకూ, మొత్తం సమాజానికీ ఎక్కువగా ఉపయోగపడుతోంది. అప్పటికే ఉన్న వంగడాన్ని ఎవరూ తమదని రాయించుకోకుండా ఆపేది అదే. ఈ పోలిక సరిగా జరగకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎనోలా చిక్కుడు వ్యవహారం చాలు. మెక్సికో నుంచి తెచ్చిన పసుపు రంగు చిక్కుడు గింజల నుంచి ఎంపిక చేసిన రకానికి 1999లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. అలాంటి పసుపు చిక్కుళ్లు మెక్సికోలో ఎంతోకాలంగా ఉన్నవే. కొలంబియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రం తన జన్యునిధిలోని పసుపు చిక్కుళ్లను ఆధారంగా చూపి 2000 సంవత్సరంలో దాన్ని సవాలు చేసింది. పేటెంటు కార్యాలయం తుది తిరస్కరణ 2008లో వచ్చింది, న్యాయస్థానం దాన్ని 2009లో సమర్థించింది. ఇది పేటెంటు వ్యవహారమే అయినా, పోలికలో లోపం జరిగితే దాని మూల్యం ఎవరు చెల్లిస్తారన్నది బ్రీడర్ల హక్కుకూ అలాగే వర్తిస్తుంది. తప్పుడు హక్కు దాదాపు పదేళ్లు అమల్లో ఉంది. దాన్ని తొలగించే శ్రమ ఒక ప్రజా పరిశోధన సంస్థ నెత్తిన పడింది. నిలవ ఉంచిన గింజలు చేతిలో లేకపోతే ఆ సంస్థ కూడా అంత బలంగా వాదించగలిగేది కాదు.

భూమి రికార్డులను నిర్వహించే ఖర్చంతా ఈ ఏడు స్థలం కొన్న నలుగురి దగ్గరే వసూలు చేయాలని ఎవరూ అనరు. సరిహద్దులు సరిగా ఉండడం స్థలం కొననివారికి కూడా రక్షణ. పోలిక వంగడాల సేకరణకూ ఇదే న్యాయం వర్తించాలని నేను కోరుతున్నాను.

దీనికి ఎదురయ్యే ప్రశ్న నాకు తెలుసు. ప్రైవేటు హక్కు కోసం ప్రజల సొమ్ము ఎందుకు ఖర్చు పెట్టాలి? పైగా దరఖాస్తుదారుల్లో భారీ విత్తన సంస్థలు ఉన్నాయి కదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. భారీ సంస్థలకు ఈ రుసుము భారం కాదన్నది నిజమే, సమస్య కూడా సరిగ్గా అక్కడే ఉంది. ఏటా పెద్ద సంఖ్యలో దరఖాస్తులు వచ్చే మొక్కజొన్న వంటి పంటలో స్థిర ఖర్చు అందరికీ పంచుకుపోతుంది. నాలుగైదేళ్లకు ఒక్క దరఖాస్తు వచ్చే చిరుధాన్యం, ఔషధ మొక్క, ప్రాంతీయ పండ్ల జాతి వంటి వాటిలో ఆ భారమంతా వచ్చిన ఆ ఒక్కరి మీదే పడుతుంది. అలాంటి పంటలో విత్తన అమ్మకాలే తక్కువ. రుసుము చూసి బ్రీడరు వెనక్కి తగ్గితే అతనికి మిగిలే దారులు కొన్నే. హక్కు లేకుండానే వంగడాన్ని విడుదల చేసి నష్టపోవడం, సంకరానికి వాడే తల్లి, తండ్రి మొక్కల వంశాలను గుట్టుగా ఉంచుకోగల హైబ్రిడ్ పంటలకే మారిపోవడం, పెద్ద సంస్థకు అమ్మేయడం, ఆ పంట మీద పనే మానేయడం. రైతు తన విత్తనం తానే దాచుకోగల సూటిరకాలు వచ్చే పంటల నుంచి బ్రీడర్లు ఇలా ఒక్కొక్కరే తప్పుకుంటే, పూర్తి ఖర్చు రాబట్టే విధానం ఖజానాకు మిగిల్చింది ఎంతో లెక్క వేయవలసింది మనమే.

రుసుములతోనే నడిచే వ్యవస్థలు లేవా అంటే ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని ఆంజే నగరంలో ఉన్న ఐరోపా సమాఖ్య వంగడాల కార్యాలయం 1995 నుంచి పనిచేస్తోంది, తన ఖర్చును రుసుముల నుంచే సమకూర్చుకుంటోంది. పంటలను పరీక్ష ఖర్చును బట్టి వర్గాలుగా విభజించి రుసుము నిర్ణయిస్తుంది, పరీక్షలను మాత్రం సభ్యదేశాల్లోని కేంద్రాలకు అప్పగిస్తుంది. కానీ అక్కడ ఒక్క దరఖాస్తుతో సమాఖ్య మొత్తానికీ హక్కు వస్తుంది. అంత విశాలమైన మార్కెట్టు ఎదురుగా ఉన్న బ్రీడరు కట్టగల రుసుమును, ఒక్క చిన్న దేశంలో మాత్రమే హక్కు పొందే బ్రీడరు కూడా కట్టాలనడం సమంజసం కాదు. ఈ నమూనాను ఉదాహరణగా చూపేవారు మార్కెట్టు విస్తీర్ణాన్ని ప్రస్తావించకుండా వదిలేస్తున్నారు.

పరీక్షను బ్రీడరుకే అప్పగించి ఖర్చు తగ్గించుకోవచ్చన్నది మరో సూచన. అమెరికాలో 1970 చట్టం కింద దరఖాస్తుదారు తానే వివరాలు సేకరించి సమర్పిస్తాడు, కార్యాలయం వాటిని తన సమాచారంతో పోల్చి చూస్తుంది. ఆస్ట్రేలియాలో అర్హత పొందిన నిపుణుడి పర్యవేక్షణలో దరఖాస్తుదారే పోలిక పరీక్ష ఏర్పాటు చేసుకుంటాడు. ఈ విధానాలు అక్కడ పనిచేస్తున్నాయి, వాటిని తీసిపారేయను. అయితే ఖర్చు కార్యాలయం ఖాతాలోంచి బ్రీడరు ఖాతాలోకి మారిందే తప్ప తగ్గిపోలేదు. సొంత భూమి, నిపుణులు ఉన్న సంస్థ దాన్ని తట్టుకుంటుంది. ఇద్దరు ముగ్గురు సహాయకులతో పనిచేసే బ్రీడరు పోలిక వంగడాల స్వచ్ఛమైన విత్తనాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు? పోటీదారు ఇస్తాడా? మళ్లీ ప్రజా సేకరణ ఉంటేనే ఈ దారి కూడా సాఫీగా సాగుతుంది.

నిజంగా ఖర్చు తగ్గించే మార్గం ఒకే పరీక్షను పదేపదే చేయకపోవడం. ఒప్పందంలోని 12వ అధికరణం ఇప్పటికే జరిగిన పరీక్షల ఫలితాలను పరిగణనలోకి తీసుకునే వీలు కల్పిస్తోంది. యూపీఓవీ మూడు వందలకు పైగా పంటలకు, మొక్క జాతులకు ఉమ్మడి పరీక్ష మార్గదర్శకాలు తయారు చేసింది. ఒక దేశపు నివేదికను మరో దేశం చదివి అర్థం చేసుకోగలగాలన్నదే అందులోని ఉద్దేశం. గాజుగృహంలో అదుపు చేసిన వాతావరణంలో పెరిగే గులాబీ వంటి పూలమొక్కను ఒకచోట పూర్తిగా పరీక్షించిన తరువాత, ఇంకో దేశంలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం వృథా. ఐరోపా కార్యాలయం ఒకే డీయూఎస్ నివేదికను హక్కు కోసమూ, అమ్మకానికి అనుమతించే వంగడాల జాబితాలో చేర్చడం కోసమూ వాడుకోవాలని చెబుతూ వస్తోంది. ఇది ఆచరించదగిన మాట. అయితే దీనికి ఒక హద్దు ఉంది. పగటి పొడవుకు, వేడికి స్పందించే పొలం పంటల్లో ఎత్తు, పూత కాలం, రంగు చోటును బట్టి మారతాయి. అక్కడి సేకరణలో ఇక్కడి రైతుల వంగడాలు ఉండవు. కనుక నివేదికను తెప్పించుకున్నా, స్థానికంగా దగ్గరి పోలిక వంగడాల పక్కన ఒక కాలమైనా వేసి చూడాలి. పూర్తి పరీక్షతో పోలిస్తే ఆ ఖర్చు తక్కువే.

డీఎన్ఏ పరీక్షలు చౌకయ్యాయి కదా, పొలంతో పనేముందని అడిగేవారికి కూడా ఒక మాట చెప్పాలి. డీఎన్ఏలో ఎక్కడో ఒక్కచోట కనిపించే చిన్న తేడానే ప్రత్యేకతగా అంగీకరిస్తే, బయటికి ఏ మార్పూ లేని మొక్కకు కూడా వేరే హక్కు ఇవ్వవలసి వస్తుంది. ఏళ్లు శ్రమించి వంగడం తీసినవారి హక్కుకు అప్పుడు విలువే ఉండదు. డీఎన్ఏ సమాచారం అసలు ఉపయోగం మడుల సంఖ్య తగ్గించడంలో ఉంది. ఫ్రాన్స్‌లోని జెవెస్ సంస్థ మొక్కజొన్న కోసం రూపొందించిన గయా అనే సాఫ్ట్‌వేరు, నిపుణులు నిర్ణయించిన ప్రాధాన్యాల ప్రకారం వంగడాల మధ్య లక్షణాల దూరాన్ని లెక్కగట్టి, చాలా దూరంగా ఉన్నవాటిని పక్కపక్కన వేసి చూడవలసిన అవసరం లేకుండా చేస్తుంది. ఈ దూరానికి డీఎన్ఏ దూరాన్ని కూడా జోడించే పద్ధతిని యూపీఓవీ మార్గదర్శకాలు గుర్తించాయి. దరఖాస్తు వంగడానికి బాగా దగ్గరగా ఉన్న కొద్ది వంగడాలను మాత్రమే పొలంలో వేసి, అక్కడ కంటితో జాగ్రత్తగా తేల్చుకుంటే ఖర్చూ తగ్గుతుంది, పరీక్ష కూడా బలపడుతుంది. ఈ సౌకర్యం ఏర్పడాలంటే సేకరణలోని ప్రతి వంగడానికీ ముందుగా డీఎన్ఏ వివరాలు నమోదు చేసి ఉంచాలి. ఆ పెట్టుబడిని ఈ ఏడాది దరఖాస్తుదారుడి రుసుములోంచి రాబట్టలేం.

రుసుము ఎప్పుడు వసూలు చేస్తారన్నది ఎంత వసూలు చేస్తారన్నంత ముఖ్యం. దరఖాస్తు పెట్టే నాటికి బ్రీడరుకు ఆ వంగడం మార్కెట్లో నిలుస్తుందో లేదో తెలియదు. అప్పటిదాకా సంకరం చేయడం మొదలు ఎంపిక పూర్తయ్యే వరకు ఏళ్ల తరబడి పెట్టినదంతా ఖర్చే. ఆ ఘడియలోనే పెద్ద మొత్తం అడగడం కంటే, దరఖాస్తు రుసుము తక్కువగా ఉంచి, పరీక్ష రుసుమును పంటకాలం వారీగా తీసుకుని, హక్కు వచ్చిన తరువాత వార్షిక రుసుమును ఏళ్లు గడిచేకొద్దీ పెంచుకుంటూ పోవడం మేలు. బాగా అమ్ముడుపోతున్న వంగడం ఎక్కువ కడుతుంది. అమ్ముడుపోనిదాని హక్కును బ్రీడరు తనంతట తానే వదులుకుంటాడు, ఆ వంగడం గడువుకు ముందే అందరికీ అందుబాటులోకి వస్తుంది. భారతదేశపు 2001 చట్టంలోని 44వ సెక్షను రైతులకూ, రైతు సంఘాలకూ, గ్రామ సమూహాలకూ ఈ చట్టం కింద జరిగే కార్యకలాపాల్లో రుసుముల నుంచి మినహాయింపు ఇచ్చింది. రైతు కాపాడిన వంగడం మీద రుసుము భారం వేయకూడదన్న సూత్రాన్ని ఒక చట్టసభ ఒప్పుకుందంటే, చిన్న పంటల మీద పనిచేసే బ్రీడరుకు తగ్గింపు రుసుము ఇవ్వడం అసాధ్యమేమీ కాదు.

ఈ చర్చ ముందుకు సాగాలంటే అంకెలు కావాలి. పరీక్షలు జరిపించే ప్రతి సంస్థా తన వార్షిక లెక్కల్లో దరఖాస్తు వంగడాల మడులకు అయిన ఖర్చును, పోలిక వంగడాల సేకరణకు అయిన ఖర్చును, ప్రయోగశాల పరీక్షలకు, కార్యాలయ నిర్వహణకు అయిన ఖర్చును పంటల వారీగా విడివిడిగా చూపించాలి. అన్నీ కలిపి ఒకే మొత్తంగా ప్రకటించి, దాన్ని దరఖాస్తుల సంఖ్యతో భాగించి, ఒక్కో వంగడానికి ఇంత ఖర్చవుతోందని చెప్పే పద్ధతిని మానుకోవాలి. రుసుముల సవరణకు సంబంధించిన ముసాయిదా ఏదైనా ప్రజల ముందుకు తెచ్చినప్పుడు ఈ విడి లెక్కను దానితో జతచేయాలనీ, అభిప్రాయాలు చెప్పడానికి కనీసం ఒక పంటకాలం గడువు ఇవ్వాలనీ మీ పత్రిక ద్వారా సంబంధిత సంస్థలను కోరుతున్నాను.

భవదీయుడు,
వంగడాల పరీక్షల పట్ల ఆసక్తి గల ఒక పాఠకుడు